మానిన తాగుడు, మానని గాయం

తెలుగులో మనిషి తాగుడు మానతాడు, ఒంటి మీద గాయం మానుతుంది. రెంటికీ ఒకటే క్రియ. నిఘంటువు తెరిస్తే వదిలిపెట్టడం, నయమవడం అన్న రెండర్థాలూ ఒకే మాట కింద పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ ఇరుగుపొరుగుతనం వల్లనేనేమో, మన ఇళ్ళల్లో మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరిగిపోయినట్టు లెక్క కట్టేస్తారు. ‘మానేశాడు కదమ్మా, ఇంకేం కావాలి నీకు?’ అంటారు. ఇక ‘మందు’ సంగతి మరీ విచిత్రం. జబ్బు చేసేదీ మందే, జబ్బు తగ్గించేదీ మందే. మందు మానడానికి మందు వేసుకుంటాం.

తాగుడు మానడం ఎలా అన్న ప్రశ్నకి ఇవాళ చాలా జవాబులున్నాయి. వైద్యులకి వాళ్ళ జవాబు ఉంది, గుడికి దాని జవాబు ఉంది, ప్రభుత్వానికీ, స్వయంసహాయక బృందాలకీ వాళ్ళవి ఉన్నాయి. నేను అడగాలనుకుంటున్నది వాటి పక్కనుండే ప్రశ్న. మానినవాడికి, వాడి తాగుడు వల్ల నష్టపోయిన మనిషి క్షమ బాకీ ఉంటుందా? బంధాన్ని తిరిగి కట్టుకోవాలంటారే, ఆ కట్టుబడికి ఇటుకలు మోసేది ఎవరు? ఒక్కొక్క పద్ధతీ ఈ ప్రశ్నకి పైకి చెప్పకుండానే ఒక జవాబు చెబుతుంది. ఆ చెప్పని జవాబుల మీదే నా ఆసక్తి.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనక నాకు ముందు కథలే గుర్తొస్తాయి. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో వచ్చింది, గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో. వీటిలో మొదటి కథ ఏదన్న తగువు ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్త కాదు. ఏది మొదటిదైనా ఒక సంగతి మారదు. రెండింటిలోనూ దారి తప్పిన భర్తని భార్యే దారిలో పెడుతుంది. అక్కడ పరాయి సొమ్ము, ఇక్కడ సానిపాట. కమలిని ఒక ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుని, ఒక్క రాత్రిలో మొగుణ్ణి దిద్దేస్తుంది. గురజాడని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1910లో చదువుకున్న భార్య చేతికి కలం ఇవ్వడం చిన్న సంగతి కాదు. కానీ దిద్దే పని ఆవిడదే అన్నది కూడా అక్కడే స్థిరపడిపోయింది. కథ ఆ రాత్రితో ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్న కమలిని పొయ్యి దగ్గర కూచుని ఏమనుకుందో, అంతకుముందు ఒంటరిగా మేలుకున్న రాత్రుల లెక్క ఎక్కడ రాసుకుందో మనకి తెలీదు. 1953లో వచ్చిన ‘దేవదాసు’ సినిమా ఇదే సంగతికి రెండో ముఖం. అతను తాగడానికి కారణం ఒక స్త్రీ, తాగినవాణ్ణి కనిపెట్టుకుని ఉండేది ఇంకో స్త్రీ. ఏడు దశాబ్దాలుగా మన మగపిల్లలకి ప్రేమంటే ఏమిటో నేర్పిన సినిమా అది.

ఇక పద్ధతుల దగ్గరికి వస్తాను. అన్నింటికంటే ఎక్కువగా ప్రపంచమంతా పాకింది ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో, ఆక్రన్ అనే ఊళ్ళో, బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరూ బాబ్ స్మిత్ అనే సర్జనూ కలుసుకున్నారు. డాక్టరు మాట, పాస్టరు మాట, పెళ్ళాం మాట వినని తాగుబోతు ఇంకో తాగుబోతు మాట వింటాడన్నది వాళ్ళు కనిపెట్టిన రహస్యం. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, పెద్దా చిన్నా లేదు. 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 27 అధ్యయనాల్ని, పదివేలమందికి పైగా మనుషుల్ని కలిపి చూసి, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ పన్నెండు మెట్ల దారి మిగతా చికిత్సలకి తీసిపోదనీ, కొన్నిచోట్ల వాటికంటే మెరుగనీ తేల్చింది. కాబట్టి దీన్ని భజన బృందమని తీసిపారేసే తొందరపాటు నాకు లేదు.

ఆ పన్నెండు మెట్లలో ఎనిమిదోది, తాను హాని చేసినవాళ్ళ జాబితా రాసుకోవడం. తొమ్మిదోది, వీలైనచోటల్లా స్వయంగా వెళ్ళి ఆ హానిని సరిచెయ్యడం. అలా వెళితే వాళ్ళకే మళ్ళీ హాని జరిగేటట్టయితే ఆగిపోవాలని కూడా అందులోనే ఉంది. గమనించండి, అక్కడున్నది సరిచెయ్యడం. క్షమించమని అడగడం కాదు. మన దగ్గరికి వచ్చేసరికి అది ‘క్షమాపణ అడగడం’గా కుదించుకుపోయింది. సరిచెయ్యడంలో పని చేసినవాడిది. క్షమాపణ అడిగిన మరుక్షణం పని ఎదుటి మనిషి మీద పడుతుంది. అడిగాడు, ఇక ఇవ్వాల్సింది నువ్వు. ఇవ్వకపోతే చెడ్డదానివి.

ఈ ఉద్యమానికి బైబిలు లాంటి పెద్ద పుస్తకం 1939లో వచ్చింది. అందులో భార్యలని ఉద్దేశించిన ఒక అధ్యాయం ఉంది. ‘మేం తాగుబోతుల భార్యలం, మీకు మా అనుభవం చెబుతున్నాం’ అన్న ధోరణిలో, ఆడగొంతుతో సాగుతుంది. దాన్ని రాసింది బిల్ విల్సన్. ఆయన భార్య లోయిస్ తాను రాస్తానని ఆశపడింది. ఆయన తాగి పడివున్న సంవత్సరాల్లో డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పనిచేసి ఇల్లు నడిపిన మనిషి ఆవిడ. పుస్తకమంతా ఒకే శైలిలో ఉండాలన్న కారణం చూపి ఆయనే రాసేశాడు. ఓర్పుగా ఉండండి, కోపగించుకోకండి అని భార్యల నోటితో భార్యలకి చెప్పింది ఒక భర్త! మగవాళ్ళు ఆడగొంతుతో రాయడం గురించి సెమినార్లలో ఎన్నో పేపర్లు విన్నాను. ఇంతకంటే సూటైన ఉదాహరణ నాకు తగల్లేదు.

లోయిస్ చెప్పుకున్న సంగతి ఇంకొకటి ఉంది. బిల్ మానేశాక, ఒకరోజు మీటింగుకి ఆలస్యమవుతోంది త్వరగా తయారవమన్నాడట. ఆవిడ అతని మీటింగుల్ని తిట్టి చేతికందిన బూటు విసిరింది. అతను తాగుతున్న రోజుల్లో కాదు, మానిన తర్వాత. ఎందుకంత కోపం వచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి భుజాన మోసిన మనిషిని ఎవరో ముక్కూమొహం తెలీని నలుగురు బాగుచేశారు, తన పని అయిపోయింది, తన సంగతి అడిగినవాళ్ళు లేరు. ఆ బూటులోంచే 1951లో అల్-అనాన్ అనే కుటుంబసభ్యుల బృందాలు పుట్టాయని చెప్పొచ్చు. నువ్వు దీనికి కారణం కాదు, దీన్ని అదుపు చెయ్యలేవు, నయం చెయ్యలేవు అని వాళ్ళు భార్యలకి చెప్పే మాట నిజంగా ఊపిరి తీసుకోనిస్తుంది. మన అత్తగార్లు చెప్పేది సరిగ్గా దీనికి తలకిందులు కదా. కానీ నాకు ఆ బృందాలకంటే వాటికి ముందున్న బూటే ముఖ్యం. ఆయన మానడం మొదలైన చోట ఆవిడ గాయం కనబడటం మొదలైంది. అప్పటిదాకా దాన్ని చూసుకునే తీరికే లేదు.

దీన్ని నేను పుస్తకాల్లో కంటే ముందు మా పిన్ని దగ్గర చూశాను. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, బాబాయి ఉన్న సెంటరు పేరు ఇక్కడ అనవసరం. బాబాయి పంతొమ్మిదేళ్ళు తాగాడు, మానేసి ఎనిమిదేళ్ళయింది. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఒక రూళ్ళ నోటుబుక్కు తెచ్చి పిన్నికి ఇచ్చాడు. తన వల్ల ఎవరికేం జరిగిందో అందులో నంబర్లు వేసి రాశాడు. 31 ఉన్నాయి. పిన్ని కత్తిపీట ముందు కూచుని, చేతులు కొంగుకి తుడుచుకుని, మొదటినుంచీ చివరిదాకా చదివింది. చదివి, ‘ఇందులో నా గాజులు లేవే’ అంది.

ఆ నోటుబుక్కు తర్వాత నేనూ చూశాను. బాబాయి దాచుకోవాలనుకున్నవి కావు, నిజాయితీగానే రాశాడు. బావమరిది పెళ్ళిలో పందిట్లో పడిపోవడం ఉంది. ఆఫీసులో పైఅధికారి ముందు వాంతి చేసుకోవడం ఉంది. ఒక సంక్రాంతి నాడు పిన్నిని కొట్టడం ఉంది, అది ఇంటినిండా చుట్టాలున్న రోజు. అంటే నలుగురూ చూసినవన్నీ ఉన్నాయి. ఆయనకి సిగ్గు కలిగించినవన్నీ ఉన్నాయి. పిన్నికి నష్టం కలిగించినవి వేరు. తాకట్టు పెట్టి విడిపించని గాజులు వేరు. కూతురి ఇంటర్ పరీక్షల ముందు రాత్రి కరెంటు బిల్లు కట్టక ఫీజు పీకేస్తే కొవ్వొత్తి పెట్టుకోవడం వేరు. అన్నిటికంటే పెద్దది డీయస్సీ పరీక్ష. పిన్ని బీఈడీ చేసింది. రెండేళ్ళు రాత్రిళ్ళు చదువుకుంది. పరీక్ష రోజు పొద్దున్నే బాబాయి బస్టాండు పక్కన పడివున్నాడని కబురొస్తే రిక్షా కట్టించుకుని వెళ్ళింది. ఇంటికి తెచ్చి ఒళ్ళు కడిగేసరికి పదిన్నర. ఆ తర్వాత నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోయింది. ఈ సంగతి బాబాయి జాబితాలో లేదు. ఉండే వీలే లేదు, ఆ రోజు ఆయనకి స్పృహ లేదు.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అతిగా తాగినప్పుడు మెదడు జ్ఞాపకాల్ని నమోదు చెయ్యడమే మానేస్తుందని వైద్యులు చెబుతారు. తర్వాత ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తురాదు, గుర్తుచేసుకోవడానికి లోపల ఏమీ ఉండదు గనక. అలాంటప్పుడు హాని చేసినవాడి జ్ఞాపకంలోంచి రాసిన జాబితా మొదటినుంచీ అసంపూర్ణమే. ఆ సంవత్సరాల చరిత్ర భద్రంగా ఉన్నది ఆవిడ దగ్గర. ఇద్దరిదీ అయిన జీవితానికి దస్తావేజులన్నీ ఒక్క మనిషి దగ్గర మిగిలిపోయాయి. ఆ మనిషిని పాతవి తవ్వొద్దంటారు, మర్చిపొమ్మంటారు! ఆయనకి ఎలాగూ గుర్తులేదు. ఆవిడా మర్చిపోతే ఆ రోజులు ఎక్కడా జరగనట్టే. ‘మరుపు’ని ఎప్పుడూ బాధితులే ఎందుకు అలవాటు చేసుకోవాలన్న ప్రశ్న స్త్రీవాదులకే కాదు, దళిత రచయితలకీ తెలిసిన ప్రశ్నే.

పిన్ని గాజుల మాట ఎత్తడం సెంటరుదాకా వెళ్ళింది. అక్కడి కౌన్సిలర్ ఫోన్ చేసి, ‘మీరు మనస్ఫూర్తిగా క్షమించకపోతే ఆయన మళ్ళీ మొదలుపెట్టే ప్రమాదం ఉందమ్మా’ అన్నాడు. ఎంత మర్యాదగా అన్నా ఆ మాటకి అర్థం ఒకటే. ఆవిడ క్షమ ఆయనకి రోజూ వేసే మాత్ర. ఆవిడ మొహంలో నవ్వు తగ్గితే మోతాదు తగ్గినట్టు. తాగుతున్నన్నాళ్ళూ ఆవిడ సరిగ్గా చూసుకోక తాగాడన్నారు. మానాక ఆవిడ సరిగ్గా క్షమించక తాగుతాడంటున్నారు.

దీనికి ఎదురు వాదన ఉంది, తేలిక వాదన కాదు. వ్యసనం జబ్బని ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. జబ్బుపడ్డవాణ్ణి క్షమించను అనడం ఏం న్యాయం? క్షయ వచ్చిన మనిషి దగ్గినందుకు కోపగించుకుంటామా? పైగా ఇంట్లోవాళ్ళ ఆదరణ ఉన్నవాడు నిలబడే అవకాశం ఎక్కువ, ఒంటరివాడు జారిపోయే అవకాశం ఎక్కువ అన్నది వైద్యుల అనుభవం. ఇది కాదనలేను. జబ్బు అన్న మాట మనిషిని అవమానం నుంచి కాపాడింది, ఆస్పత్రి గడప తొక్కించింది. అందులో మేలుంది. కానీ ఆ జబ్బు దేన్ని వివరిస్తుంది? చెయ్యి వణకడాన్ని, పొద్దున్నే దుకాణం దగ్గర నిలబడటాన్ని, ఇంక తాగనని ఒట్టు పెట్టుకుని సాయంత్రానికి తప్పడాన్ని వివరిస్తుంది. పెళ్ళాన్ని కొట్టడాన్ని వివరించదు. తాగినవాడు ఎస్సైని కొట్టడు, ఇంటి యజమానిని కొట్టడు, తూలుతూనే వీధులన్నీ దాటుకుని వచ్చి సరిగ్గా తన పెళ్ళాన్నే కొడతాడు. కళ్ళు కనపడని మైకంలో కూడా కొట్టదగిన మనిషెవరో కనపడుతోందంటే ఆ చూపు సీసాలోంచి రాలేదు. తాగుడు మానిపించే చికిత్స దీన్ని మానిపించదు. తాగకుండా కొట్టేవాళ్ళు లేరా మనకి?

మందుల దారి సంగతి కొంచెం చెప్పాలి. డైసల్ఫిరామ్ అనే మాత్రని 1940లలో డెన్మార్క్‌లో తాగుడు చికిత్సకి పనికొస్తుందని కనుక్కున్నారు. దాన్ని వేసుకుని తాగితే శరీరంలో ఆల్కహాలు విరిగి తయారయ్యే విషపదార్థం బయటికి పోక పేరుకుంటుంది. మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఆ భయంతో తాగడు. తెలిసి వేసుకున్నవాడికి అదొక ఊతకర్ర. రోజూ పొద్దున్న ఎదురుగా నిలబడి మింగించే పని మామూలుగా భార్యది, అంటే నర్సు ఉద్యోగమూ కానిస్టేబుల్ ఉద్యోగమూ రెండూ ఆవిడవే. అసలు ప్రమాదం చెప్పకుండా కాఫీలోనో పప్పులోనో కలిపి పెట్టడం. మన ఊళ్ళల్లో గుట్టుగా జరిగే పని ఇది, ‘ఆయనకి తెలీకుండా మాన్పిస్తాం’ అన్న ప్రకటనలూ చూస్తూనే ఉంటాం. తెలీక తాగితే ప్రాణం మీదికి రావచ్చు. నీతి మాటకొస్తే అది మోసమే. అయినా కలిపిన ఆడవాళ్ళని నిలదీసే ముందు, చెప్పి ఒప్పించే బలం ఆ ఇంట్లో ఆవిడకి ఎవరిచ్చారని అడగాలి.

దీక్షల సంగతి ఇంకో రకం. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు చుక్క ముట్టరు. ఆ 41 రోజులూ ఆయన్ని భార్య కూడా ‘స్వామీ’ అనే పిలుస్తుంది. పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. నేను దీన్ని వెటకారం చెయ్యను, ఏడాదికి నలభై రోజుల శాంతి ఎంత విలువైందో అది లేనివాళ్ళకి తెలుసు. స్వామి తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుని లేస్తే ఆవిడ అంతకంటే ముందే లేస్తుంది. మడిగా వండుతుంది, వచ్చిన స్వాములందరికీ భిక్ష పెడుతుంది. కొండకెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రం ఆయన ఎక్కడికెళతాడో ఆవిడకి ముందే తెలుసు. మాల తీసేశాక కూడా మానేసినవాళ్ళని నేనెరుగుదును, వాళ్ళ తక్కువతనం వల్లే వాళ్ళు గుర్తుండిపోయారు.

అమెరికాలో రాబర్ట్ మేయర్స్ అనే మానసిక శాస్త్రవేత్తా అతని తోటివాళ్ళూ రూపొందించిన పద్ధతి ఒకటుంది, క్రాఫ్ట్ అంటారు. చికిత్సకి రానని మొండికేసేవాణ్ణి రప్పించడానికి ఇంట్లోవాళ్ళకి శిక్షణ ఇస్తారు. తాగని రోజున కబుర్లు చెప్పు, ఇష్టమైంది వండు. తాగొచ్చిన రోజున తిట్టకు, కొట్లాడకు, పక్కకి తప్పుకో. ఒళ్ళు కడగడం, ఆఫీసుకి అబద్ధం చెప్పడం మానెయ్. 1999లో అచ్చయిన అధ్యయనంలో ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సకి తేగలిగారు. అల్-అనాన్ దారిన వెళ్ళినవాళ్ళలో 13 శాతమే. ఫలితం గొప్పదే. పైగా ఆయన వచ్చినా రాకపోయినా ఆవిడ బతుకు బాగుపడాలన్నది ఈ పద్ధతి లక్ష్యాల్లో ఒకటి, దెబ్బలు తగిలే ఇంట్లో ముందు ఆవిడ క్షేమం చూడమంటుంది కూడా. అది నాకు నచ్చింది. అయినా ఆ 64 శాతం వెనక ఎంత ఓపిక, ఎంత లెక్క, ఎంత చాకిరీ ఉందో ఎవరూ కొలవలేదు.

‘కో-డిపెండెన్సీ’ అన్న మాటతో మాత్రం నాకు ఓపిక లేదు. 1980లలో అమెరికాలో పుస్తకాల మీద పుస్తకాలుగా వచ్చి మన కౌన్సిలింగ్ గదుల్లోకి దిగింది. తాగుబోతుని విడిచిపెట్టలేని భార్యకి కూడా ఒక రకమైన జబ్బేనంటుంది ఆ మాట. చేతిలో డబ్బు లేక, పుట్టింట్లో చోటు లేక, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ ఇంట్లోనే ఉన్న ఆడదాని పరాధీనతకి మానసిక శాస్త్రం అక్కర్లేదు, రేషన్ కార్డు మీద ఇంటిపెద్ద ఎవరో చూస్తే చాలు.

మన దగ్గర పుట్టిన ప్రయత్నాల్లో రెండు నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తాయి. ఒకటి చెన్నైలో శాంతి రంగనాథన్ పెట్టిన సంస్థ. తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న ఆవిడ 1980లో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించింది. 1992లో పద్మశ్రీ వచ్చింది. రోగికి చికిత్స జరుగుతున్నప్పుడే కుటుంబానికి కూడా విడిగా కార్యక్రమం ఉండాలని అక్కడ మొదటినుంచీ పట్టుబట్టారు. ఈ కథలో బాగుచేయాల్సిన భర్త లేడు, దిద్దాల్సిన మనిషి లేడు. ఆవిడ పని ఒక బంధాన్ని నిలబెట్టుకోవడానికి కాదు. అందుకే అది మన ‘దిద్దుబాటు’ కథల వరసలోకి రాదు. ఇలాంటి చోట్లు ఎన్ని ఉన్నా చాలవు. 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం తాగుడుకి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

రెండోది దూబగుంట. 1992లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు ‘సీతమ్మ కథ’ పాఠం చదివి సారా దుకాణం మూయించిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటూనే ఉన్నాం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. ఆ ఉద్యమాన్ని గెలుపు ఓటముల లెక్కలో చూడటం మనకి అలవాటు. నాకు ఇప్పుడు కనపడేది వేరు. వాళ్ళు మొగుళ్ళని దిద్దబోలేదు. బతిమాలలేదు, ఒట్లు వేయించలేదు. ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా మోస్తున్నదాన్ని వీధిలోకి తెచ్చి, సారా వేలంపాటలు పాడే సర్కారుని నిలదీశారు. ఎవర్నైనా క్షమించారా అని వాళ్ళని అడిగినవాళ్ళు లేరు, ఆ ప్రశ్నకే చోటు లేదు. అయితే దుకాణం మూసినంత మాత్రాన ఒంట్లోంచి మత్తు దిగదు. ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛ రావచ్చు, మతి తప్పవచ్చు, చనిపోవచ్చు కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వణుకుతూ, పలవరిస్తూ వచ్చిన జనాన్ని చూసి ఈ సంగతి అందరికీ తెలిసింది.

ఇంతవరకూ తాగేది ఆయన, భరించేది ఆవిడ అన్నట్టే రాశాను. తెలంగాణ పల్లెల్లో పొద్దంతా పొలంలో వంగి పనిచేసి సాయంత్రం కల్లు తాగే ఆడవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళని వింతగా చూసింది పట్నం మధ్యతరగతే. ఇందాక చెప్పిన సర్వేలోనే తాగేవాళ్ళు మగవాళ్ళలో 27.3 శాతం, ఆడవాళ్ళలో 1.6 శాతం అని ఉంది. శాతం చిన్నదే అయినా మనిషి చిన్నది కాదు. డీ-అడిక్షన్ సెంటర్లలో చాలాచోట్ల రోగితో పాటు ఇంట్లోవాళ్ళు ఒకరు ఉండాలంటారు. మగరోగి పక్కన తల్లో పెళ్ళామో చాప వేసుకుంటుంది. ఆడరోగి పక్కన ఎవరు? ఆవిడ బాగుపడి వచ్చేదాకా కాచుకుని, వచ్చాక రోజూ మాత్ర మింగించి, మొహాన నవ్వు తగ్గకుండా చూసుకునే మొగుణ్ణి ఏ కథలోనైనా చదివామా? ‘దేవదాసు’లో పార్వతి వేషం కట్టిన సావిత్రే తర్వాత తాగుడులో నలిగిపోయి, 1981 డిసెంబరు 26న చనిపోయింది. 2018లో ‘మహానటి’ సినిమా వచ్చినప్పుడు హాల్లో అందరమూ ఏడ్చాం. కానీ చూడండి, తాగిన దేవదాసు మనకి ప్రేమికుడు, తాగిన సావిత్రి మనకి హెచ్చరిక. జీన్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, తానూ తాగుడు లోంచి బయటపడ్డ మనిషి, 1975లో ఆడవాళ్ళకోసం వేరే సంస్థ పెట్టింది. ‘నేను శక్తిహీనుణ్ణి’ అని ఒప్పుకోవడంతో మొదలయ్యే దారి అహంకారం తలకెక్కిన మగవాడికి మేలు చేస్తుందేమో గానీ, పుట్టిందగ్గర్నుంచీ అదే మాట వింటూ పెరిగిన ఆడదానికి ఏం చేస్తుందన్నది ఆవిడ ప్రశ్న.

మళ్ళీ క్షమ దగ్గరికి వస్తే, మనవాళ్ళు మూడు వేరువేరు సంగతుల్ని ఒకటే మూటగా కట్టేస్తున్నారనిపిస్తుంది. కలిసి ఉండటం ఒక ఏర్పాటు. అందులో ఇల్లు, డబ్బు, పిల్లలు, వయసు అన్నీ ఉంటాయి. నమ్మకం రుజువుల మీద నడుస్తుంది. జీతం రాత్రి ఇంటికి చేరిందా, చెప్పిన టైముకి వచ్చాడా అన్నవి దాని అక్షరాలు. అది పెరగొచ్చు, ఆగిపోవచ్చు. క్షమ ఈ రెంటిలోనూ లేదు. అది ఇవ్వాలనిపించినప్పుడు ఇచ్చేది, అడిగి పుచ్చుకునేది కాదు, గడువు పెట్టి వసూలు చేసేది అంతకన్నా కాదు. క్షమించకుండానే కలిసి ఉండొచ్చు. క్షమించేసి విడిపోనూ వచ్చు. క్షమించకపోవడాన్ని పగ అనుకునేవాళ్ళకి నేను మా పిన్నిని చూపిస్తాను. ఆవిడ బాబాయి చావు కోరుకోవడం లేదు, ఆయన మళ్ళీ తాగాలనీ కోరుకోవడం లేదు. సాయంత్రం ఇద్దరూ వరండాలో కూచుని టీ తాగుతారు, ఎలక్షన్ల గురించి వాదించుకుంటారు, ఆయన బీపీ మాత్రలు ఆవిడే గుర్తుచేస్తుంది. బ్యాంకు కార్డు మాత్రం ఆవిడ దగ్గరే ఉంటుంది. ముందుగది ఆవిడది. రాత్రి తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకుంటుంది. ఇవి రెండూ కావాలని ఆయన మానేసిన ఏడాదే అడిగింది, ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. చుట్టాల్లో ఆవిడకి రాతిగుండె అని పేరొచ్చింది. నాకు ఆ గడియలో రాయి కనపడదు, కంటినిండా నిద్ర కనపడుతుంది.

పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు బాబాయి నోటుబుక్కు ఇంకా ఉందా అని అడిగాను. బీరువాలోంచి రెండు తీసింది. రెండోది పిన్నిది, పాలలెక్క రాసుకునే పొడుగు పుస్తకం. అందులో తారీఖులున్నాయి, కొన్నిచోట్ల డబ్బు లెక్కలు కూడా. గాజులు ఎన్ని తులాలు, ఎక్కడ పెట్టారు, ఎంతకి. డీయస్సీ హాల్‌టికెట్ పిన్నుతో గుచ్చి ఉంది.

‘బాబాయికి చూపించావా పిన్నీ?’

‘అడగలేదుగా’ అంది. ‘ఆయన రాసింది నా చేతిలో పెట్టి క్షమించమన్నాడు గానీ, నీ దగ్గర ఏమైనా ఉందా అని ఇంతవరకూ అడగలేదమ్మాయ్. అడిగిన రోజు ఇస్తాను.’

రెండు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, చీరల కింద సర్ది, బీరువా తాళం వేసింది.